తుంగభద్ర క్యాంపులలో ట్రాక్టరు సేద్యము: ఒక పాత జెటర్ సాక్ష్యము

బెంగుళూరు పేటలోని పెద్ద వీథులు నాగటి చాళ్లనుండి పుట్టినవని యొక ఐతిహ్యము కలదు. 1537వ సంవత్సర ప్రాంతమున కెంపెగౌడ ప్రభువు నేటి దొడ్డపేట, చిక్కపేటలు కలియుచోట నాలుగు మడకలకు ఎడ్లను కట్టించి నాలుగు దిక్కులకు తోలించెననియు, అవి సాగి నిలిచినంత మేర వీథులు తీర్చిరనియు పెద్దలు చెప్పుదురు. రాజధానుల పుట్టుకను గూర్చి మన దేశమున కుందేలు కుక్కను తరిమిన కథలు పెక్కులు కలవు. మడకలు తోలిన కథ మాత్ర మరుదు. దానిని చెప్పుకొన్నవారు సేద్యగాండ్రే యై యుందురని ఊహింపవచ్చును. కెంపెగౌడుని కులమువారగు మొరసు ఒక్కలిగులలో ఇంట తెలుగు పలుకువారు నేటికిని కోలారు, చిక్కబళ్లాపురము ప్రాంతముల నున్నారు. కెంపెగౌడుల పేర వెలసిన ‘గంగాగౌరీ విలాసము’ తెలుగు యక్షగాన మగుట మన పండితు లెరిగినదే. కావున ఈ నగరముతో తెలుగువాని పరిచయము కొలువులోనో, కచేరీలోనో గాక, చాలులో మొదలైనదన్నను తప్పు లేదు.

మన సంఘముల సంచికలలో శాసనములను గూర్చియు, ప్రబంధములను గూర్చియు, దేవాలయములను గూర్చియు మంచి వ్యాసములు వెలువడినవి. పనిముట్లను గూర్చి వ్రాసినవారు తక్కువ. ఎడ్లు పోయి ఇంజను వచ్చిన కాలము మన తండ్రుల తాతల కాలమే యగుటచే, అది చరిత్ర యనిపించుకొనుటకు ఇంకను కొంత దూరమున్నదని తలచితిమి కాబోలు. కాని చూచినవారు ఒక్కొక్కరే వెడలిపోవుచున్నారు. యంత్రములు తూకమునకు పోవుచున్నవి. కన్నడ రాష్ట్రమున తుంగభద్ర ఎడమ కాలువ క్రింద నెలకొనిన తెలుగు రైతుల జీవితములో ట్రాక్టరు చేసిన పని యెట్టిదో, దానివలన కలిగిన మేలు కీడు లెట్టివో ఈ వ్యాసమున పరిశీలింపదలచితిని. నాకు లభించిన సాక్ష్యములలో ఒకటి మా యింటిదే. అది యేబది యేండ్ల నాటి జెటర్ ట్రాక్టరు.

ముందుగా మాటల సంగతి. ఈ వ్యాసకర్త బెంగుళూరులో ఒక అల్పసంఖ్యాక భాషా పాఠశాలలో తెలుగు చెప్పువాడు. ఏడవ తరగతిలో నొకనాడు ‘మేడి యనగా నేమి?’ అని అడుగగా, చురుకైన బాలిక యొకతె ‘పురుగులుండు పండు కాచు చెట్టు’ అని చెప్పినది. అదియు సరియే. నాగటి మేడి మాత్రము ఆ తరగతిలో ఒక్కరికిని తెలియదు. మేడి, కర్రు, నొగ, కాడి, పలుపు, ముల్లుగర్ర, ఇవి నాలుగైదు తరముల క్రిందట తెలుగుబిడ్డ మాటలు నేర్చుచునే నేర్చినవి. మొదటి దుక్కి మీద అడ్డముగా దున్నిన ఇరువాలు, విత్తనము జారు జడ్డిగము, నేల మెత్తబడి మడకకు లొంగు తరుణమగు పదును, ఇట్టివి పనితో పుట్టి పనితో పోవు మాటలు. విశేషమేమన, ట్రాక్టరు వీనిని పూర్తిగా చంపలేదు. దాని వెనుక తగిలించు ఇనుపకొక్కెముల చట్రమును మనవారు గొర్రు అనియే పిలిచిరి. బురద త్రొక్కు ఇనుప చక్రములకు దమ్ము చక్రములని పేరిడిరి. కోస్తానుండి వచ్చినవాడు నాగలి యనును, అనంతపురము, కోలారులవాడు మడక యనును, ఇద్దరును ట్రాక్టరును ‘బండి’ యని ముద్దుగా పిలుతురు. నిఘంటుకారులు ఈ రెండవ జన్మమును గమనింపవలసి యున్నది.

యంత్రము రాకముందే పెద్దదుక్కి యవసరము మనవారికి తెలియును. బళ్లారి, రాయచూరు ప్రాంతముల నల్లరేగడిలో గరిక వేళ్లూని యల్లుకొన్నచో సాధారణపు మడకకు అది చిక్కదు. అందుకై పెద్ద మడక యని బరువైన దానిని చేయించి పలు జతల యెడ్లను వరుసగా కట్టి వేసవిలో గడ్డలు పెల్లగించువారు. ఒక్క కుటుంబమునకు అన్ని జత లుండవు గనుక ఇరుగుపొరుగులు ఎడ్లను కలుపుకొనవలెను. అనగా పెద్దదుక్కికి పెద్దమైత్రి కావలసి యుండెను. ట్రాక్టరు తొలుత నరికినది గరిక వేళ్లనో, ఈ మైత్రినో చెప్పుట కష్టము.

ఆవిరితో దున్నించు ప్రయత్నము చెన్నపట్నపు గవర్నరు సర్ విలియం డెనిసన్ కాలమున జరిగినది. ఆయన ఆవిరి నాగళ్లను తెప్పించి 1865లో సైదాపేట ప్రయోగక్షేత్రము నేర్పరచెను. ఇంగ్లాండున ఆవిరిదుక్కి పద్ధతి యిది: పొలమునకు ఆ గట్టున నొకటి, ఈ గట్టున నొకటిగా బరువైన ఇంజనులు నిలుచును, నడుమ ఇనుపత్రాటికి కట్టిన నాగలి అటునిటు ఈడ్వబడును. చదునైన విశాల క్షేత్రము, బొగ్గు, నీరు, కుశలుడైన పనివాడు, ఈ నాలుగును ఒక్కచోట నున్ననే ఇది సాగును. మన రైతుయొక్క కమతమునకు ఆ ఇంజను దిగుటకే చోటు చాలదు. సైదాపేట పాఠము సులభమైనది: దున్నుయంత్రము పొలము గట్టున నిలుచునది కారాదు, ఎద్దువలె పొలములో నడచునది కావలెను.

అట్టి యంత్రమునకు పూనుకొన్నవారిలో అమెరికాలోని అయోవా రాష్ట్రపు జాన్ ఫ్రోలిక్ ముఖ్యుడు. అతడు 1892లో పెట్రోలుతో నడచు బండిని చేసెను. 1917లో హెన్రీ ఫోర్డు ‘ఫోర్డ్‌సన్’ ట్రాక్టరును కర్మాగారములో వేలకొలది తయారు చేయించెను. కాని దానికొక ప్రాణాంతకమైన దోషముండెను. నాగలి ఇనుపగొలుసుతో వెనుక ఈడ్వబడుచుండగా కర్రు రాతికి తగిలి నిలిచినచో, చక్రములు తిరుగుట మానక బండి ముందుభాగము పైకి లేచి, నడపువానిమీద వెల్లకిలబడును.

ఈ దోషమును తొలగించినవాడు ఐర్లాండు దేశీయుడు హ్యారీ ఫెర్గూసన్. ఆయన 1926లో హక్కుపత్రము పొందిన ఉపాయము నేటికిని ప్రపంచమందలి దాదాపు ప్రతి ట్రాక్టరు వెనుకను కనబడును గనుక కొంచెము వివరింపవలసి యున్నది. నాగలిని గొలుసుతో గాక మూడు ఇనుపచేతులతో బండికి బిగించెను: క్రింద రెండు, పైన నొకటి. నేల గట్టిపడి నాగలి భారముగా లాగినప్పుడు పైచేయి ముందుకు నెట్టబడును. ఆ నెట్టుడు నూనె పంపునకు సైగ యగును. పంపు క్రిందిచేతులను రవ్వంత పైకెత్తును. కర్రు లోతు తగ్గును. అదే సమయమున నాగటి బరువు వెనుక చక్రములమీదికి వచ్చి అవి జారక నేలను పట్టును. కష్టము వచ్చినకొలది బండికి పట్టు హెచ్చునన్నమాట. మంచి దున్నరి తన మేడి పట్టిన చేతితో చేయు పని యిదియే. గట్టి నేలవచ్చిన మేడిని తేల్చును, మెత్తని నేలవచ్చిన అదుమును. ఆ చేతి తెలివిని నూనె గొట్టములో నిలిపిన ఫెర్గూసనుని ఏ కమ్మరియైనను మెచ్చుకొనును. 1946నుండి కవెంట్రీ నగరమున తయారైన ఆయన టి.ఇ.-20 బండ్లు పది సంవత్సరములలో అయిదు లక్షలకు మించినవి.

మన దేశమున స్వాతంత్ర్యము వచ్చిన యేటనే కేంద్ర ట్రాక్టరు సంస్థ యేర్పడినది. రెండవ ప్రపంచయుద్ధము ముగిసినపిమ్మట అమెరికా సైన్యము విడిచిన బండ్లతో మధ్యభారతమున రెల్లువంటి గడ్డిపట్టిన బీళ్లను సాగులోనికి తెచ్చుట దాని తొలిపని. 1951నాటికి దేశమంతటను సుమారు 8,500 ట్రాక్టరులుండెను, అన్నియు పరదేశములవే. 1959లో ఫరీదాబాదున ఐషర్ బండి వెలువడినది. 1960లో చెన్నపట్నమున మాసీ ఫెర్గూసన్ సహకారముతో టాఫే సంస్థ యేర్పడి దక్షిణదేశ రైతునకు ట్రాక్టరును దగ్గర చేసినది. అయినను 1961-62లో దేశమున తయారైనవి 880 మాత్రమే. కోరువారు వేలు, బండ్లు వందలు. అందుచేత చెకోస్లొవాకియానుండి జెటర్ 2011, సోవియట్ దేశమునుండి డి.టి.-14 మొదలగునవి దిగుమతి యగుచుండెను. 1971లో ట్రాక్టరుల పంపకమును విక్రయమును నియమించుచు ప్రభుత్వము ఉత్తరువు చేయవలసి వచ్చినది. పేరు వ్రాయించుకొని యేండ్లు వేచియుండిన రైతులు మన క్యాంపులలో పెక్కుమంది. ఇప్పుడు ఏటా తొమ్మిది లక్షలకు మించి ట్రాక్టరులు తయారుచేయు దేశములో ఈ కథ పిల్లలు నమ్మరు.

ఇక తుంగభద్ర. ఆ నదికి ఆనకట్ట కట్టవలెనని 1860లోనే సర్ ఆర్థర్ కాటన్ సూచించియుండెను. 1876-78 నాటి ఘోరక్షామము బళ్లారి సీమను తుడిచిపెట్టిన పిమ్మటగూడ మదరాసు, హైదరాబాదు ప్రభుత్వములు ఒడంబడుటకు ఏడు దశాబ్దములు పట్టినది. 1945లో శంకుస్థాపన జరిగి 1953లో కాలువలకు నీరు వదలిరి. అదే యేట ఆంధ్రరాష్ట్ర మేర్పడినది. బళ్లారి మైసూరునకు చేరినది. ఎడమ కాలువ ప్రాంతమగు కొప్పళ, గంగావతి, సింధనూరు, మాన్వి, రాయచూరు తాలూకాలు 1956వరకు హైదరాబాదు రాష్ట్రములో నుండి, ఆపై మైసూరు రాష్ట్రమున కలిసినవి. ఇంత మార్పులో భూములకు మాత్రము నీరు వచ్చినది, నీటిసేద్యము తెలిసినవారు రాలేదు. జొన్న, ప్రత్తి పండించు మెట్టరైతులు తమ పొలములను మళ్లుగా చదును చేయుటకు పెట్టుబడి లేక అమ్మజూపిరి. గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాలలో ఒక యెకరము అమ్మినచో ఇక్కడ పలుయెకరములు వచ్చుచుండెను. అక్కడ అన్నదమ్ములు పంచుకొని కమతములు కుంచించుకొనిపోయినవి. కదలుటకు ఈ లెక్క చాలును.

ఇట్లు వచ్చినవారు కాలువల వెంబడి కట్టుకొన్న పల్లెలకు ‘క్యాంపు’ అని పేరు నిలిచినది. గంగావతి చెంత శ్రీరామనగరమువంటివి నేడు పట్టణములవలె నున్నను, ఆ పేరు వదలలేదు. విడిది యని అర్థమగు మాట మూడు తరముల కాపురమునకు పేరగుటలో కొంత వింతయు, కొంత దిగులును కలవు. ప్రతి క్యాంపునను ఒక రామాలయము, ఒక బడి, రేకుల కప్పుతో ఒక ట్రాక్టరు కొట్టము కనబడును.

ట్రాక్టరు ఇక్కడ తొలుత చేసినపని దున్నుట కాదు, చదును. నల్లరేగడి మెట్టపొలము కంటికి సమముగా తోచును. నీరు పెట్టినచో దాని మిట్టపల్లములు బయటపడును. వరిమడిలో నీరు అంతటను ఒకే లోతున నిలువవలెను గదా. మిట్టను చెక్కి పల్లమున పోయుటకు ఎడ్లతో ఏండ్లు పట్టును. ట్రాక్టరునకు పలక తగిలించి ఒక వేసవిలో ముగించిరి. రెండవ పని దమ్ము. రేగడి తడిసినచో ఎద్దు మోకాలిలోతు దిగబడును. ఇనుప దమ్ము చక్రములు తొడిగిన బండి ఆ బురదను గంటలలో వెన్నచేయును. మూడవది మోత: ధాన్యము మిల్లునకు, ఎరువు పొలమునకు, పెండ్లివారు గుడికి. మా పెద్దలు చెప్పినదానిని బట్టి బండి యేడాదిలో దున్నిన గంటలకన్న లాగిన గంటలే యెక్కువ.

ఈ చరిత్రలో మనము మెచ్చుకొనదగిన దెంత కలదో, ఆలోచింపవలసిన దంత కలదు. ఎడమ కాలువను వరికొరకు కట్టలేదు. కరవు సీమలో వీలైనంత విస్తారమైన భూమికి కొద్దికొద్దిగా నీరందించి జొన్న, ప్రత్తి, వేరుసెనగ వంటి ఆరుతడి పైరులను కాపాడుట దాని యుద్దేశము. ఏ పొలము ఏ పైరునకని కాగితముమీద నిర్ణయించిరి. మనవారు వచ్చి తలకాలువ క్రింద వరి నాటిరి. వరి త్రాగినంత నీరు ఆరుతడి పైరు త్రాగదు. పైవాడు మడి నింపుకొన్నచో చివరివాని కాలువ ఎండును. ఆ చివరివాడు చాలచోట్ల స్థానిక కన్నడ రైతు. గంగావతి సన్నబియ్యము కీర్తి మనది. మాన్వి, రాయచూరుల చివరి తూములయొద్ద ఎదురుచూపు వారిది. మురుగుపోక చౌడుదేలిన పొలములు ఇరువురివి. ట్రాక్టరు లేకున్న ఇంత వేగముగా ఇన్ని యెకరములు మళ్లుగా మారియుండెడివి కావు. కావున యంత్రమును పొగడు మనము ఈ లెక్కలోను దాని పాలు చెప్పవలసియే యున్నది. మరియొక మాట. బండి గలవాడు ఎక్కువ సేద్యము చేయగలడు గనుక చిన్నరైతు పొలమును కౌలుకు పట్టుట మొదలిడెను. కూలివాడు భూస్వామియొద్ద కౌలుకు తీసికొనుట లోకమెరిగిన రీతి. భూమి గలవాడు తన చేనును బండిగలవానికి కౌలుకిచ్చి, దానిలోనే కూలికి పోవుట ఈ యంత్రము నేర్పిన రీతి.

ఇప్పుడు జెటర్ కథకు వత్తము. చెకోస్లొవాకియాలో బ్రనో నగరపు ఆయుధ కర్మాగారము యుద్ధానంతరము 1946లో ట్రాక్టరులు చేయుటకు దిగినది. ఆ కర్మాగారపు పేరులోని మొదటి యక్షరమగు ‘జెట్’కు ట్రాక్టరులోని తోకను చేర్చి జెటర్ అనిరి. దున్నుపనిముట్లుగా మారిన ఆయుధశాల యనగా మన బలరాముడు గుర్తుకు రాకుండునా? అయితే హలధరుడు దున్నుసాధనమునే ఆయుధముగ పట్టెను. బ్రనోవారు దానిని తిరుగవేసిరి. 1960 ప్రాంతమున వారు చిన్న, పెద్ద బండ్లకు వీలైనన్ని భాగములు ఒక్కటే యగునట్లు ఏకరూపశ్రేణిని తెచ్చిరి. ఆ దూరదృష్టి ఫలము నేను గంగావతిలో అనుభవించితిని.

1953లో బెంగుళూరున స్థాపితమైన హిందూస్థాన్ మెషిన్ టూల్స్ సంస్థ, 1971లో హర్యానాలోని పింజోరున జెటర్ 2511ను తయారుచేయ నారంభించినది. రెండు సిలిండరులు, ఇరువదియైదు అశ్వబలము. బండి పుట్టినది ఉత్తరమున, దాని పెద్దకచేరి మన బళ్లారి రోడ్డున. ఇదే సంస్థ 1961నుండి బెంగుళూరులో చేసిన గడియారములు మన తండ్రుల ముంజేతుల నుండెడివి. ఇచ్చట ఒక ఉపకథ చెప్పకుండ నుండలేను. మన యిండ్లలో వండుకొను హెచ్.ఎం.టి. బియ్యమునకు ఈ సంస్థకు ఏ సంబంధమును లేదు. మహారాష్ట్రలోని చంద్రపురము జిల్లా చిన్నరైతు దాదాజీ ఖోబ్రాగడే తన మడిలో వేరుగా తోచిన వెన్నులను ఏరి పెంచి ఆ సన్నవరిని సృష్టించెను; నాడు పేరెన్నికగన్న గడియారపు పేరు దానికి పెట్టిరి. గడియారములు చేయు శాఖను మూయుటకు 2016 జనవరిలో ప్రభుత్వము నిర్ణయించినది. ట్రాక్టరుల శాఖ వంతు అదే యేట అక్టోబరులో వచ్చినది. బియ్యము మాత్రము మిగిలినది.

మా తాతగారు గోదావరి సీమనుండి గంగావతి తాలూకాకు వచ్చినది కాలువ పారిన తొలిదినములలో. 1975లో భూమిని బ్యాంకునకు తాకట్టుపెట్టి జెటర్ 2511ను కొనిరి. ముప్పదియైదేండ్లు అది పనిచేసినది. అంతకు రెండింతల బలముగల క్రొత్తబండ్లు వచ్చినవి, పొలము కౌలునకు పోయినది, మేము ఉద్యోగములకై బెంగుళూరు, హైదరాబాదులు పట్టితిమి. జెటర్ కొట్టములో పదునాలుగేండ్లు నిలిచినది. నిరుటి పంపకములలో దాని ప్రస్తావన వచ్చినది. పాత యినుమువాడు తూకముకట్టి ధర చెప్పిపోయెను. ‘అమ్మి ముగ్గురము పంచుకొందము’ అని చిన్నాన్నగారు. ‘దానిని కొనుటకు అమ్మ మెడలోని గొలుసు పోయినది, దానిని గూడ తూకమువేసి పంచుకొందమా?’ అని నాన్నగారు. అంతకుమించి ఎవరును మాటాడలేదు. తూకపువాని ధరలో చిన్నాన్నగారి వంతును మేమిచ్చి బండిని నిలుపుకొంటిమి. ఇద్దరికి నడుమ ఏర్పడిన ఎడము బండి నడచిననాటివరకును నడుమనే యున్నది.

మరమ్మతు చేసినవాడు గంగావతిలో పాత జెటరులను విప్పి పెరిగిన వృద్ధ మేస్త్రీ. ఉర్దూ, కన్నడము, తెలుగు ఒక్క వాక్యములో కలిపి మాటాడును. బోల్టులకు మాత్రము ఏ భాషయు చెప్పడు, చేతితో తడిమి కొలత చెప్పును. పొగగొట్టముపై మూత పోయినందున వాననీరు లోనికి దిగి ఒక పిస్టను గోడకు పట్టుకొనిపోయినది. గాలిని వడగట్టు నూనెగిన్నెలో ఎలుకలు కాపురము చేసినవి. సుత్తి వేయబోయిన కుర్రవానిని మేస్త్రీ కసిరెను. ఇంజెక్టరులు విప్పి, ఆ రంధ్రములగుండ డీజిలును పలుచని నూనెను కలిపి పోసి, పండ్రెండు దినములు ముట్టరాదనెను. పదుమూడవనాడు బండిని గేరులో నుంచి వెనుక చక్రమును నలుగురము పట్టి ముందునకు, వెనుకకు ఊపితిమి. గంటసేపు ఏమియు కాలేదు. పిమ్మట తలుపు గడియ ఊడినట్టి చిన్నశబ్దమైనది. మేస్త్రీ బీడీ పారవేసి లేచెను.

హెడ్డు విప్పిచూడగా లైనరులు రెండును తుప్పుతో గుంటలు పడినవి. ఈ బండిలో లైనరు చుట్టును నీరు తిరుగును గనుక వానిని బయటకు లాగి మార్చుట సాధ్యము. నీరు తిరుగు సందులలో కాలువనీటి సున్నము పెచ్చులుగట్టి యుండెను. గోకితీసిన పొడిని చూచి నాన్నగారు, ‘ముప్పదియైదేండ్ల తుంగభద్ర’ అనిరి. లైనరులు, పిస్టనులు, రింగులు మార్చితిమి. డీజిలు పంపు కొలత సరిచేయించుటకు రాయచూరునకు పంపితిమి. క్లచ్చి పలక తుప్పుతో అంటుకొన్నది. దానిని మార్చక తప్పలేదు. పెద్ద జెటరునకు ఉద్దేశింపబడిన కొన్ని భాగములు ఒక మూలపడిన దుకాణములో దొరకి దీనికి సరిపోయినవి. బ్రనోవారి ఏకరూపశ్రేణి ఫలమని నేను పైన సూచించినది దీనినే.

రంగు విషయమున మాలో వాదము జరిగినది. బెంగుళూరు బంధువులు కొత్తరంగు వేసి మెరిపింపవలెననిరి. నేనొప్పుకొనలేదు. క్లచ్చి త్రొక్కునట్టి ఇనుపపలక ఒకవైపే అరిగియున్నది. తాతగారు చెప్పులు విడిచి పాదము ఏటవాలుగా మోపి త్రొక్కెడివారట. శాసనమును సుద్దతో నింపి చదువవచ్చును గాని, చెక్కి చదునుచేయరాదు. తుప్పును ఆపు పూత మాత్రము వేయించి, అరుగుదలను అట్లే యుంచితిమి.

జ్యేష్ఠ పూర్ణిమ మనకు ఏరువాక, కన్నడిగులకు కారహుణ్ణిమె. ఇరువురును ఎడ్లను కడిగి కొమ్ములకు రంగుపూసి పూజింతురు. ఆనాడు మా క్యాంపులో ఎడ్లజత ఒక్కటియు లేదు. ప్రక్కనున్న కన్నడపు టూరినుండి ఒక రైతు తన జతను తోలుకొనివచ్చెను. ముందు అవి మూడు చాళ్లు తీసినవి. పిదప జెటర్ గొర్రు దింపి అదే పొలములో సాగినది. నాన్నగారికి డెబ్బదినాలుగేండ్లు, మెట్టెక్కలేక గట్టుమీద కూర్చుండి, శబ్దమును బట్టియే ‘గేరు తగ్గించు’ మని కేకవేయుచుండిరి. చిన్నాన్నగారు హైదరాబాదునుండి వచ్చిరి. ఎవరును పిలువకయే బండియెక్కి రెండు చుట్లు దున్నిరి. అన్నదమ్ము లిద్దరును ఆనాడు మాటాడుకొన్నది గొర్రు లోతును గూర్చి మాత్రమే.

ఇట్టి యంత్రముల పరిరక్షణకు చట్టములో చోటెంత కలదో చెప్పవలెను. 2021లో కేంద్రప్రభుత్వము పురాతన వాహనములకు ప్రత్యేక నిబంధనలు తెచ్చినది. ఏబదియేండ్లు దాటి మూలరూపము చెడని వాహనమునకు ప్రత్యేకసంఖ్య లభించును. అయితే ఆ గౌరవము ద్విచక్రవాహనములకును, మనుష్యులు ప్రయాణముచేయు కార్లకును మాత్రమే. మహారాజు షికారునకు పోయిన కారు వారసత్వము. దేశమునకు అన్నముపెట్టిన బండి పాత యినుము! ఈ భేదమును సవరింపుమని మన సంఘములు విన్నవింపదగును. మా బండి పత్రము కాలపరిమితి దాటి యుండినందున దానిని పునరుద్ధరించుటకు ఒక కార్యాలయమునకు అయిదుమార్లు తిరిగితిమి. పాతపుస్తకము అచ్చట దొరకుటకే మూడుమార్లు పట్టినది.

భూమి సంగతి వేరు. కర్ణాటక భూసంస్కరణల చట్టమునకు 1974లో చేర్చిన 79ఎ, 79బి విభాగముల వలన, సేద్యేతరమైన ఆదాయము మితిమించినవారును, సేద్యము చేయనివారును వ్యవసాయభూమిని కొనుటకు వీలులేకుండెను. వారసత్వముగ వచ్చినదానికి ఆ యడ్డు లేదు. 2020లో ఆ విభాగములను తొలగించిరి. నేడు బెంగుళూరు ఉద్యోగి ఎవరైనను పొలము కొనవచ్చును. నగరముచుట్టును కంచెవేసి ఆదివారపు తోటలుగా మారిన చేలు అందుకే పెక్కు కనబడును. మూలములకు మరలుట యనుమాట ఈనాడు స్థలములమ్మువారి ప్రకటనలలో ఎక్కువగా వినవచ్చుచున్నది. వారమున కొకదినము చూచు పొలమున పదును తెలియదు. అది వాన వెలిసిన రెండవనాడో, మూడవనాడో వచ్చి మరునాటికి పోవును, ఆదివారముకొరకు ఆగదు. మేమును కౌలునుండి విడిపించుకొన్నది రెండెకరములు మాత్రమే. దానిని చూచుకొనువాడు క్యాంపులోనే యుండు మా పినతండ్రి మనుమడు; వ్యవసాయ డిప్లొమా చదివినవాడు. ఈ యేడు దానిలో వరి వేయలేదు. తలకాలువ క్రిందనే యున్నను, కాగితముమీద ఆ పొలమునకు నిర్ణయించిన ఆరుతడి పైరగు జొన్న విత్తినాడు. ఇరుగువారు నవ్విరి.

చివరగా ఒక ఆధారపత్రము. బండి పనిముట్ల పెట్టె అడుగున, నూనెగుడ్డలో చుట్టిన జేబుపుస్తకము దొరకినది. తాతగారి చేవ్రాలు, 1976నుండి కొన్నియేండ్ల బాడుగలెక్క. ఒకవైపు ఊరు, పొలముపేరు, దున్నిన గంటలు. మరొకవైపు రావలసిన సొమ్ము. క్యాంపులవారి లెక్క తెలుగంకెలలోను, ప్రక్కయూళ్ల కన్నడరైతుల లెక్క కన్నడపు టంకెలలోను వ్రాసిరి. వారు చూచుకొని ఒప్పుకొనవలెను గదా. పెక్కుచోట్ల సొమ్మునకు బదులు ‘జొన్నలు, రెండు మూటలు’ అనియు, ‘ఎద్దులతో గుంటక, ఒకదినము’ అనియు కలదు. ట్రాక్టరు దుక్కికి ఎడ్లదుక్కి బదులిచ్చిన రైతులుండిరన్నమాట. పై పేరాలలో నేను చెప్పిన తలకాలువ, చివరికాలువల తగవునకు ఈ పుస్తకము పూర్తిగా లొంగదు. చివరితూము క్రింది ఊళ్ల పేర్లే దీనిలో ఎక్కువ. ఒక పుటలో ఎనిమిది పద్దులు వరుసగా కొట్టివేసి, ప్రక్కన ‘నీరు రాలేదు’ అని మాత్రము వ్రాసియున్నది. సొమ్ము వచ్చినట్లు ఎచ్చటను లేదు. ఆ పుటకు ఛాయాచిత్రము తీయించి ఆ ఊళ్లలో రెండింటికి పోయి చూపితిని. ఒక ఇంట కొట్టివేసిన పద్దులోని పేరు తమ తాతదేయని గుర్తించి, ఆ పుట ప్రతిని అడిగి తీసికొనిరి. మిగిలిన ఆరూళ్లకు పోవలసి యున్నది.